ఆడపిల్లల గ్రూపుకు ఏ యాప్ పనికొస్తుంది? ముందు తాళం కాదు, నంబరు చూడండి

"ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉందిగా, ఇంకేం భయం" అనుకుని ఆడపిల్లల కోసం గ్రూపులు మొదలుపెట్టేవాళ్లు చాలామంది. ఎన్‌క్రిప్షన్ అనే ఈ తాళం మంచిదే, దారిలో ఎవరూ మెసేజ్‌ని విప్పి చదవకుండా కాపాడుతుంది. కానీ ఇంటర్, డిగ్రీ అమ్మాయిల గ్రూపుల్లో గొడవ దారిలో పుట్టదు, గ్రూపు లోపలే పుడుతుంది. అమ్మాయి పేరు, అమ్మాయి డీపీ పెట్టుకుని చేరిన నంబరు. చెల్లెలి ఫోన్ చేతిలో పట్టుకున్న అన్న. గ్రూపు లింకుని ఇన్‌స్టా స్టోరీలో పెట్టేసిన ఫ్రెండు. వీళ్లంతా తాళం లోపలివాళ్లే. అందుకే ఈ సమీక్షలో కొలబద్ద ఒకటే: ఒక అమ్మాయి తన కష్టం చెప్పుకోవడానికి మాట కాకుండా ఇంకేం బయటపెట్టుకోవాల్సి వస్తోంది?

చూసినవి వాట్సాప్, డిస్కార్డ్, సిగ్నల్, టెలిగ్రామ్. మనసులో పెట్టుకున్న గ్రూపు ఇలాంటిది: 13 నుంచి 19 ఏళ్ల అమ్మాయిలు, మాటలేమో చదువు, నెలసరి, ఇంట్లో పెళ్లి ఒత్తిడి, బస్సులో వేధింపు, ఫొటోలతో బెదిరింపు. నడిపేది ఒక లెక్చరరో, స్వచ్ఛంద సంస్థ కార్యకర్తో, నలుగురు సీనియర్ అక్కలో.

వాట్సాప్

అందరి ఫోన్లలో ఉంది, ఇంట్లో ఎవరూ వింతగా చూడరు, అమ్మ ఫోన్లో కూడా తెరవొచ్చు. ఇవి చిన్న లాభాలు కావు. లోపం మాత్రం పెద్దది. మామూలు గ్రూపులో ప్రతి సభ్యురాలి నంబరూ మిగతా అందరికీ కనిపిస్తుంది. 150 మంది ఉన్న గ్రూపంటే 150 మంది అమ్మాయిల నంబర్ల జాబితా అన్నమాట. గ్రూపు పాడైన చోట జరిగే వరస కూడా దాదాపు ఒకటే: లింకు బయటికి పోతుంది, ఒక కొత్త నంబరు చేరుతుంది, రెండు వారాలు నోరు మెదపదు, తర్వాత ఒక్కొక్కరికీ విడిగా "హాయ్ అక్కా, నోట్స్ ఉన్నాయా" అని మొదలుపెడుతుంది. గ్రూపులో ఒక్క తప్పు మాట కూడా కనిపించదు కాబట్టి అడ్మిన్‌కి విషయం అందరికంటే చివర్న తెలుస్తుంది.

దీనికి వాట్సాప్‌లోనే సగం మందు ఉంది. గ్రూపు బదులు కమ్యూనిటీ, అంటే కొన్ని గ్రూపులను ఒక గొడుగు కిందకి తెచ్చేది, పెట్టండి. అందులో అడ్మిన్లు ప్రకటనలు పెట్టే అనౌన్స్‌మెంట్ గ్రూపులో సభ్యుల నంబర్లు అడ్మిన్లకీ, ముందే సేవ్ చేసుకున్నవాళ్లకీ తప్ప మిగతావాళ్లకు కనిపించవు. హెల్త్ క్యాంపు, స్కాలర్‌షిప్ తేదీలు, నెలసరి గురించి డాక్టరు చెప్పిన ఆడియో లాంటివన్నీ ఇక్కడే. "జనరల్" పేరుతో ఇంకో గ్రూపు దానంతటదే పుడితే వెంటనే తీసేయండి, అందులో నంబర్లు బట్టబయలే. మాట్లాడుకోవడానికి మాత్రం 20, 25 మంది చొప్పున చిన్న గ్రూపులు పెట్టాలి, అదీ బయట ముఖపరిచయం ఉన్నవాళ్లతోనే: ఒక హాస్టల్ ఫ్లోరు, ఒక క్లాసు, ఒక ఊరు. 1024 మందిని చేర్చుకోవచ్చని వాట్సాప్ అంటుంది. పెళ్లి భోజనాల సంఖ్య అది, మనసు విప్పుకునే గదికి పనికిరాదు.

సెట్టింగుల దగ్గర చాలామంది తొందరపడతారు. ముందుగా గ్రూపు ఎవరి ఫోన్ నుంచి మొదలవుతోందో చూసుకోవాలి. మొదలుపెట్టినవాళ్లని మిగతా అడ్మిన్లు తీసేయలేరు, వాళ్లంతట వాళ్లు వెళ్లేదాకా అడ్మిన్‌గానే ఉంటారు. కాబట్టి ఆ పని ఏడాదిలో కోర్సు పూర్తిచేసి వెళ్లిపోయే అమ్మాయితో చేయించకండి. తర్వాత గ్రూపు పేరు నొక్కి, గ్రూప్ పర్మిషన్స్‌లోకి వెళ్లండి. సభ్యులు సెట్టింగులు మార్చడం, కొత్తవాళ్లను చేర్చడం రెండూ ఆఫ్. "అప్రూవ్ న్యూ మెంబర్స్" ఆన్. లింకుతో పిలవాల్సి వస్తే ఒక రోజు వాడి సాయంత్రానికి "రీసెట్ లింక్" నొక్కండి. లేకపోతే పాత లింకు పనిచేస్తూనే ఉంటుంది.

2025లో వచ్చిన "అడ్వాన్స్‌డ్ చాట్ ప్రైవసీ" ఈ గ్రూపులకు బాగా పనికొస్తుంది. ఆన్ చేస్తే చాట్ మొత్తాన్ని ఫైలుగా బయటికి తీయడం (ఎక్స్‌పోర్ట్) కుదరదు, గ్రూపులో వచ్చిన ఫొటోలు వాటంతటవి గ్యాలరీలో పడవు. ఈ రెండోది చిన్న సంగతిలా కనిపిస్తుంది గానీ, నాన్న ఫోనో అన్న ఫోనో వాడే అమ్మాయిల విషయంలో గుట్టు బయటపడే మొదటి చోటు గ్యాలరీయే. స్క్రీన్‌షాట్లను మాత్రం ఇది ఆపదు. "వ్యూ వన్స్"గా, అంటే ఒక్కసారే తెరుచుకునేలా పంపిన ఫొటోకి స్క్రీన్‌షాట్ తీయనివ్వదు, కానీ పక్కన ఇంకో ఫోను పెట్టి ఫొటో తీస్తే ఏ యాపూ ఏమీ చేయలేదు. ఈ మాట అమ్మాయిలకు మొదటి రోజే చెప్పాలి.

మెసేజ్‌లు వాటంతటవి మాయమయ్యే సెట్టింగుకి 24 గంటలు, 7 రోజులు, 90 రోజులు అని మూడు గడువులున్నాయి. మాట్లాడుకునే గ్రూపుకి 7 రోజులు సరి. 24 గంటలైతే ట్యూషన్ నుంచి ఆలస్యంగా వచ్చే అమ్మాయి చూసేలోపే మాట పోతుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. వేధింపు మెసేజ్ వస్తే అదీ మాయమైపోతుంది. దాన్ని "కీప్" చేసి ఉంచవచ్చు గానీ, పంపినవాళ్లు ఆ కీప్‌ని రద్దు చేసేయగలరు. అంటే సాక్ష్యం ఉండాలా పోవాలా అన్నది వేధించినవాడి చేతిలో ఉన్నట్టే. వెంటనే నంబరు, తేదీ, సమయం కనిపించేలా స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. అది పద్దెనిమిది దాటని అమ్మాయి అశ్లీల చిత్రమైతే మాత్రం ఈ పద్ధతి వర్తించదు, ఆ సంగతి కింద ఉంది.

నియమాలను మెసేజ్‌గా పెట్టి, చాట్ పైన పిన్ చేసి వదిలేయడం ఇంకో పొరపాటు. పిన్ ఎక్కువలో ఎక్కువ 30 రోజులే ఉంటుంది. గ్రూపు డిస్క్రిప్షన్‌లో రాస్తే అక్కడే ఉంటుంది. వాట్సాప్ పోల్‌లో ఎవరు దేనికి ఓటేశారో కనిపిస్తుంది, కాబట్టి "మీలో ఎవరికైనా ఇలా జరిగిందా" అని పోల్ పెట్టకండి. పేరు చెప్పకుండా అడగాలనుకునేవాళ్లకి గూగుల్ ఫారం చాలు. ఈమెయిల్ సేకరణ ఆఫ్‌లో ఉండాలి, ఫైలు అప్‌లోడ్ ప్రశ్న పెట్టకూడదు. అది పెడితే లాగిన్ అడుగుతుంది, అమ్మాయి అక్కడే వెనక్కి తగ్గుతుంది.

సభ్యురాలు తన ఫోన్లో చేసుకోవాల్సినవి ఐదు నిమిషాల పని. ప్రైవసీలో "గ్రూప్స్", ప్రొఫైల్ ఫొటో, లాస్ట్ సీన్ మూడూ "మై కాంటాక్ట్స్"కి మార్చుకోవాలి. తెలియని నంబర్ల కాల్స్‌ని సైలెన్స్ చేయాలి. ఆరంకెల టూ స్టెప్ పిన్ పెట్టుకోవాలి. గ్రూపుకి చాట్ లాక్ వేసుకోవాలి. అన్నిటికంటే ముఖ్యం "లింక్‌డ్ డివైసెస్" తెరిచి చూడటం. ఒక అకౌంటుకి నాలుగు పరికరాలు కలపవచ్చు. ఎప్పుడో ఒక నిమిషం ఫోన్ ఇచ్చినప్పుడు ఎవరి ల్యాప్‌టాప్‌కో కలిపేసి ఉంటే, ఎన్‌క్రిప్షన్ ఎంత గట్టిదైనా ఆ తెరమీద అన్నీ కనిపిస్తుంటాయి. తెలియనిది కనిపిస్తే లాగవుట్ చేయడమే. నెలకోసారి గ్రూపులో అందరితో ఒకేసారి ఇది చేయించండి.

సిమ్ మారిన అమ్మాయి సంగతి కూడా. మన దేశంలో డిస్‌కనెక్ట్ అయిన నంబరుని 90 రోజుల తర్వాత ఇంకొకరికి ఇచ్చేయవచ్చు. "చేంజ్ నంబర్" వాడి మారితే గ్రూపుకి తెలుస్తుంది. ఊరికే కొత్త నంబరుతో మళ్లీ చేరితే పాత నంబరు జాబితాలో మిగిలిపోతుంది. అడ్మిన్ దాన్ని తీసేయాలి.

ఏమీ మార్చకుండా వాడితే పదికి మూడు మార్కులు. పైనవన్నీ చేస్తే ఆరున్నర. మిగతా మూడున్నర నంబరు కనిపించినందుకు కోత.

డిస్కార్డ్

గేములాడే పిల్లల యాప్ అని పేరు పడింది గానీ, ఆడపిల్లల గ్రూపు నడపడానికి అడ్మిన్ చేతికి ఇంతమంచి పనిముట్లు ఇచ్చేది ఈ నాలుగింటిలో ఇదొక్కటే. నంబరు ఎవరికీ కనిపించదు, మారుపేరు చాలు. సర్వర్‌లో (డిస్కార్డ్‌లో గ్రూపుకి ఆ పేరు) ఎవరికి ఏ చానెల్, అంటే ఏ గది, కనిపించాలో పాత్రలుగా విడగొట్టవచ్చు: కొత్తగా వచ్చిన అమ్మాయికి స్వాగతం చానెల్ ఒక్కటే కనిపించాలి. ఇద్దరు పాత సభ్యులు "ఈమె మాకు తెలుసు" అన్నాక సభ్యురాలి పాత్ర ఇస్తే మిగతా చానెళ్లు తెరుచుకుంటాయి. తప్పు చేసినవాళ్లను పంపేయకుండా 28 రోజుల వరకు మాట్లాడనివ్వకుండా ఆపవచ్చు. ఏ మోడరేటర్ (గ్రూపును చూసుకోవడంలో అడ్మిన్‌కి సాయపడే అమ్మాయి) ఏం చేసిందో ఆడిట్ లాగ్‌లో 45 రోజులు ఉంటుంది. మోడరేటర్ల మీద కూడా కన్ను వేయగలగడం పెద్ద సంగతి.

వెరిఫికేషన్ లెవెల్‌లో "హైయెస్ట్" పెడితే ఫోన్ నంబరు ధ్రువీకరణ అడుగుతుంది, సొంత సిమ్ లేని అమ్మాయి బయటే ఆగిపోతుంది. "హై" పెట్టండి, చేరాక పది నిమిషాలు ఆగితే చాలు. సర్వర్ ప్రైవసీ సెట్టింగుల్లో సభ్యుల నుంచి డైరెక్ట్ మెసేజ్‌లు ఆఫ్ చేసుకోమని ప్రతి అమ్మాయికీ దగ్గరుండి చూపించాలి. ఇది అడ్మిన్ ఒక్కరు చేస్తే అందరికీ వర్తించేది కాదు.

తిట్లను దానంతటదే ఆపే డిస్కార్డ్ ఫిల్టరు ఆటోమాడ్ గురించి తెలుగువాళ్లు తెలుసుకోవాల్సినది ఒకటుంది. నిషేధ పదాల జాబితా పెడితే అది మాటని మొత్తంగానే పోల్చి చూస్తుంది. తెలుగులో తిట్టుకి "వి", "కి", "లు", "దానా" చేరగానే అది వేరే మాట అయిపోతుంది, ఫిల్టరు వదిలేస్తుంది. మూలపదానికి రెండువైపులా నక్షత్రం గుర్తు పెడితే అన్ని రూపాలూ పట్టుబడతాయి. రెండక్షరాల మాటలకు అలా పెట్టకండి, మంచి మాటలు కూడా ఆగిపోతాయి. రోమన్ లిపిలో ఒక్కో తిట్టుకి నాలుగైదు స్పెల్లింగులు విడిగా చేర్చాలి. ఈ పనికి సీనియర్ అమ్మాయిలే సరి, ఏ తిట్టు ఇప్పుడు నడుస్తోందో లెక్చరర్లకు తెలియదు.

లోపాలు: రాసిన మాటలకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు. చవక ఫోన్లలో బరువుగా నడుస్తుంది. అదే యాప్‌లో బయట లక్షల సర్వర్లు ఉన్నాయి, అమ్మాయి అక్కడికి వెళ్తే మన నియమాలు వెంట రావు. ముచ్చటపడి మ్యూజిక్ బాట్లూ లెవెల్ బాట్లూ (వాటంతటవి పనిచేసే బయటి ప్రోగ్రాములు) చేర్చుకోవద్దు, మెసేజ్‌లు చదివే అనుమతి వాటికి మనమే ఇచ్చినట్టవుతుంది. మార్కులు ఏడు.

సిగ్నల్, టెలిగ్రామ్

కొలబద్ద ప్రకారం సిగ్నల్‌దే పైచేయి. 2024 ఫిబ్రవరిలో యూజర్‌నేమ్‌లు వచ్చినప్పటి నుంచి, నంబరు ముందే తెలియనివాళ్లకు అది కనిపించదు. రాసినవన్నీ ఎన్‌క్రిప్టెడ్, గ్రూపు లింకుకి అడ్మిన్ అనుమతి పెట్టవచ్చు. చేరిన రోజే ప్రైవసీలో ఫోన్ నంబర్ కిందకి వెళ్లి, నంబరుతో తనను వెతికే వీలు "నోబడీ"కి మార్చుకోవాలి. లేకపోతే ఆ నంబరు సేవ్ చేసుకున్న ప్రతివాళ్లకీ ఆమె సిగ్నల్‌లో ఉన్నట్టు తెలుస్తుంది. వచ్చిన చిక్కల్లా ఎవరి ఫోన్లోనూ లేకపోవడమే. అమ్మాయి ఫోన్లో కొత్త యాప్ కనిపిస్తే ఇంట్లో వచ్చే మొదటి ప్రశ్నకి ఆమె దగ్గర జవాబు ఉండాలి. నడిపే అక్కల మధ్య మాటలకు మాత్రం సిగ్నలే వాడండి. మార్కులు ఎనిమిది, అడ్మిన్ల గదికి.

టెలిగ్రామ్ వద్దు. నోట్సు పీడీఎఫ్‌లు పంచుకోవడానికి హాయిగా ఉంటుంది, దాన్ని అక్కడికే ఉంచండి. గ్రూపు చాట్లకు ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ లేదు, సీక్రెట్ చాట్ ఇద్దరి మధ్యే. పబ్లిక్ గ్రూపు వెతికితే దొరికిపోతుంది. రెండు లక్షల మంది దాకా పట్టే గ్రూపుల యాప్ స్వభావమే వేరు.

ఇన్‌స్టాగ్రామ్ గది కాదు గానీ ఒక మాట. 2025 ఫిబ్రవరి నుంచి మన దేశంలో 18 ఏళ్లలోపు వాళ్లకు టీన్ అకౌంట్లు వచ్చాయి: ప్రొఫైల్ ప్రైవేటు, అపరిచితుల మెసేజ్‌లు ఆగుతాయి, 16 లోపు వాళ్లు ఈ కట్టుబాట్లు సడలించాలంటే అమ్మానాన్నల అనుమతి కావాలి. పుట్టిన ఏడాది తప్పుగా చెప్పి తెరిచిన అకౌంటుకి ఇవేవీ వర్తించకపోవచ్చు. సరిచేసుకోమనండి.

గుర్తింపు కార్డు అడగొద్దు

"నిజంగా అమ్మాయేనా అని తెలియాలిగా" అంటూ ఆధార్ ఫొటో అడిగే గ్రూపులున్నాయి. ఇది చేయకూడని పని. అమెరికాలో ఆడవాళ్ల భద్రత కోసమే పుట్టిన టీ అనే యాప్ 2025 జులైలో ఇలాగే దెబ్బతింది. దాదాపు 72,000 చిత్రాలు బయటపడ్డాయి, వాటిలో 13,000 వరకు గుర్తింపు కోసం తీసుకున్న సెల్ఫీలూ కార్డులూ. అదే ఏడాది డిస్కార్డ్‌కి పనిచేసే బయటి సంస్థ నుంచి సుమారు 70,000 మంది గుర్తింపు పత్రాల ఫొటోలు పోయి ఉండవచ్చని ఆ కంపెనీయే చెప్పింది. అంత డబ్బున్నవాళ్ల దగ్గరే నిలవనిది, ఒక అక్క గూగుల్ డ్రైవ్‌లో నిలుస్తుందా? ఇద్దరు పాత సభ్యుల హామీ, ఒక అడ్మిన్‌తో మూడు నిమిషాల వీడియో కాల్ చాలు. కాల్ రికార్డు చేయకూడదు. గొంతు ఒక్కటే సరిపోదు, వాయిస్ మార్చే యాప్‌లు ఉచితంగానే దొరుకుతున్నాయి.

చేరేటప్పుడు రాసుకోవాల్సినది ఒకటే: కష్టం వస్తే ఎవరికి ఫోన్ చేయాలో అమ్మాయే చెప్పిన ఒక పెద్దమనిషి పేరు, నంబరు. అది నాన్నే కానక్కర్లేదు, పిన్ని కావచ్చు, పీఈటీ మేడం కావచ్చు. ఒక నోటుపుస్తకంలో రాసి బీరువాలో పెట్టండి. లింకు ఉన్నవాళ్లంతా చూడగలిగే షీటులో వద్దు.

యాప్ చేయలేని పని

"ఎవరికీ చెప్పం" అని గ్రూపు నియమాల్లో రాయకండి. 18 ఏళ్లలోపు అమ్మాయి మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్లెవరైనా పోలీసులకు చెప్పాలని పోక్సో చట్టం సెక్షన్ 19 అంటుంది. చెప్పకపోతే సెక్షన్ 21 కింద ఆరు నెలల వరకు జైలో, జరిమానానో, రెండూనో. పిల్లలకు ఈ శిక్ష వర్తించదు, పెద్దవాళ్లయిన అడ్మిన్లకు వర్తిస్తుంది. కాబట్టి డిస్క్రిప్షన్‌లో ఇలా ఉండాలి: "ఇక్కడి మాట బయటికి పోనివ్వం. ప్రాణానికో ఒంటికో ముప్పుందని తెలిస్తే ఆ ఒక్కటి దాచం, నీకు చెప్పే చేస్తాం."

మైనర్ అమ్మాయి అశ్లీల చిత్రం గ్రూపులో పడితే, "సాక్ష్యం కోసం" అని దాన్ని మిగతా అడ్మిన్లకు పంపడం కూడా నేరమే. అలాంటిదాన్ని దగ్గర ఉంచుకోవడం కూడా నేరం కావచ్చని సుప్రీంకోర్టు 2024 సెప్టెంబరులో గట్టిగానే చెప్పింది. స్క్రీన్‌షాట్ తీయొద్దు, ఫార్వర్డ్ చేయొద్దు. పంపిన నంబరు, తేదీ, సమయం కాగితం మీద రాసుకోండి. వాట్సాప్‌లో రిపోర్ట్ నొక్కండి, పంపినవాళ్లను తీసేయండి. జాతీయ సైబర్ క్రైమ్ పోర్టల్‌లో మహిళలు, పిల్లల విభాగం కింద అదే రోజు ఫిర్యాదు చేయండి, అక్కడ పేరు చెప్పకుండా చేసే వీలుంది. 1930కి ఫోన్ చేయమని అందరూ అంటారు గానీ అది ప్రధానంగా డబ్బు మోసాల కోసం పెట్టిన లైను.

ఫొటోలు పెడతానని ఎవడైనా బెదిరిస్తుంటే ఉచిత సేవలు రెండున్నాయి. ఫొటోలో ఉన్నప్పటి వయసు 18 లోపైతే "టేక్ ఇట్ డౌన్", 18 దాటితే "స్టాప్‌ఎన్‌సీఐఐ". రెంటిలోనూ ఫొటో ఎక్కడికీ పోదు, ఫోన్లోనే దాని నుంచి ఒక అంకెల ముద్ర తయారవుతుంది, ఆ ముద్ర ఒక్కటే కంపెనీలకు వెళ్తుంది. ముద్ర సరిపోలితే అప్‌లోడ్ ఆగుతుంది. ఫొటోని కత్తిరించినా ఫిల్టరు వేసినా ముద్ర మారవచ్చు, కాబట్టి దొరికిన ప్రతి రూపానికీ వేరుగా చేయాలి. చేరిన కంపెనీల దగ్గరే పనిచేస్తుంది, వాట్సాప్‌లో ఒకరి నుంచి ఒకరికి పోయేదాన్ని ఆపలేదు. స్టాప్‌ఎన్‌సీఐఐ ఇచ్చే కేసు నంబరు, పిన్ పోతే మళ్లీ దొరకవు, రాసి పెట్టుకోవాలి.

రాత్రి పదకొండింటికి "బతకాలని లేదు" అని మెసేజ్ వస్తే ముందు గ్రూపుని "అడ్మిన్లు మాత్రమే పంపగలరు"కి మార్చండి. నలభైమంది ఏడుపు బొమ్మలు ఆ అమ్మాయికి బరువే. ఒక అడ్మిన్ ఆమెకు ఫోన్ చేయాలి, టైప్ చేయకూడదు. ఇంకొకరు నోటుపుస్తకంలోని పెద్దమనిషికి చేయాలి. ప్రమాదం కళ్లముందే ఉంటే 112. మాట్లాడే మనిషి కావాలంటే 14416, టెలీమానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు, రాత్రీ పగలూ ఉంటుంది. పెళ్లి ముహూర్తం పెట్టేశారని మైనర్ అమ్మాయి రాస్తే 1098, పిల్లల హెల్ప్‌లైన్. ఈ నంబర్లు డిస్క్రిప్షన్ మొదటి వరసలో ఉండాలి, మెసేజ్‌ల మధ్య వెతుక్కునేలా కాదు.

గ్రూపు ముగించేటప్పుడు

బ్యాచ్ వెళ్లిపోయాక గ్రూపుని అలాగే వదిలేయడం మామూలైపోయింది. ఉన్న ఒక్క అడ్మిన్ వెళ్లిపోతే వాట్సాప్ ఎవరో ఒకరిని అడ్మిన్‌ని చేసేస్తుంది, ఆ ఒకరు ఎవరో మన చేతిలో ఉండదు. ముగించే రోజు వారం ముందే చెప్పండి. లింకు రీసెట్ చేసి, సభ్యులను ఒక్కొక్కరినీ తీసేసి, మిగతా అడ్మిన్లను కూడా తీసేసి, చివర్న మొదలుపెట్టినవాళ్లు బయటికి రావాలి. తీసేసినవాళ్ల పేర్లు గత సభ్యుల జాబితాలో 60 రోజులు కనిపిస్తాయి కాబట్టి ఎవరినీ వెనక మిగల్చకుండా ఒకే పూటలో ముగించాలి. బీరువాలోని నోటుపుస్తకం చించి తగలబెట్టడం ఆ తర్వాతి పని.